తాతగారి రేడియోకి బ్లూటూత్ పెట్టొచ్చు, కడుపు కోయనక్కర్లేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. తెనాలిలో మా ఇంట్లో తాతయ్య కొన్న ఫిలిప్స్ వాల్వు రేడియో ఉంది. ఇరవై ఏళ్లుగా అటక మీదే పడి ఉంటే, మొన్న సంక్రాంతికి దించి దుమ్ము దులిపాను. చెక్క పెట్టె చెక్కుచెదరలేదు. వెనక అట్ట మీద ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈసీఎల్82, ఈజెడ్80 అని రాసుంది. పక్కనే గుండ్రటి రికార్డు బొమ్మ ఉన్న రెండు కన్నాలు కూడా ఉన్నాయి. నాన్నకు త్వరలో డెబ్బై ఐదో పుట్టినరోజు. ఆయనకు తెలియకుండా దీన్ని బ్లూటూత్ స్పీకర్‌గా మార్పించి ఇవ్వాలని నా ఆశ. ఇక్కడొక మెకానిక్‌కి ఫొటోలు చూపించాను. లోపలి సామానంతా తీసేసి కొత్త కిట్టు బిగిస్తానన్నాడు. 3,500 రూపాయలు అడిగాడు, పాత చాసిస్ (సామానంతా బిగించి ఉండే లోహపు పళ్లెం) తనే ఉంచుకుంటానన్నాడు. నాకూ సోల్డరింగ్ కాస్త వచ్చు, ఆర్డుయినో బోర్డులతో ఆడుకున్న అలవాటుంది. మెకానిక్‌కే ఇవ్వనా, నేనే చేసుకోనా?

జవాబు: ఇవ్వకండి. పాత చాసిస్ తనే ఉంచుకుంటానన్నాడని రాశారు చూడండి, అక్కడే నాకు నవ్వొచ్చింది. ఆ చాసిస్‌లో పనిచేసే వాల్వులు నాలుగు, రాగి నిండిన ట్రాన్స్‌ఫార్మర్లు రెండు ఉంటాయి. వాటికి కొనేవాళ్లున్నారు. అంటే మీరు 3,500 ఇచ్చి, దాంతో పాటు రేడియో కూడా ఇచ్చి, ఖాళీ పెట్టెలో బిగించిన కిట్టు ఇంటికి తెచ్చుకుంటారన్న మాట.

ఇంకో సంగతి. మీరు అడిగిన పనికి ఆ సెట్టులో ఒక్క స్క్రూ కూడా శాశ్వతంగా తీయనక్కర్లేదు. రికార్డు బొమ్మ ఉన్న ఆ రెండు కన్నాలే దారి. ఆ రోజుల్లో గ్రామఫోన్ ప్లేయర్ తెచ్చి రేడియోకి తగిలించుకునేవాళ్లు. ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి ధ్వనిని రేడియో తన ఆంప్లిఫయర్‌తో పెంచి స్పీకర్‌లో వినిపించేది. దాన్నే పికప్ సాకెట్ అంటారు. బ్యాండ్ మార్చే నాబ్‌ని చివరిదాకా తిప్పితే ఆ స్థానం వస్తుంది, అప్పుడు స్టేషన్లు పట్టే భాగం పక్కకు తప్పుకుంటుంది. గ్రామఫోన్ ఉండాల్సిన చోట ఇప్పుడు బ్లూటూత్ రిసీవర్ ఉంటుంది. మీ పాట తాతగారి వాల్వుల్లోంచే, ఆయన విన్న స్పీకర్‌లోంచే వస్తుంది.

నేనూ ఒకప్పుడు మీ మెకానిక్ లాగే ఆలోచించినవాణ్ణి. మా మేనమామ చనిపోయాక ఆయన రేడియో నాకు వచ్చింది. మోగడం లేదు. లోపలంతా పీకేసి, చాసిస్‌ని పాత ఇనుప సామాను బండికి వేసేసి, చిన్న ఆంప్లిఫయర్ బోర్డు బిగించాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. రెండేళ్లకు ఆ బోర్డు కాలిపోయింది. సరిగ్గా అలాంటిదే మళ్లీ దొరకలేదు. వేరేది పెట్టాలంటే కన్నాలు సరిపోవు, నాబులు కుదరవు. ఈలోగా వాల్వు సెట్లు బాగుచేయడం నేర్చుకున్నాను. అప్పుడు తెలిసింది, నేను బండికి వేసిన చాసిస్‌లో చెడిపోయింది బహుశా రెండు మూడు కండెన్సర్లు మాత్రమేనని. ఆ పెట్టె ఇప్పుడు మా ఇంట్లో చెప్పుల స్టాండు మీద ఉంది, లోపల ఏమీ లేదు.

అలాగని పాతదాన్ని ముట్టుకోవడమే పాపం అనే రకం కాదు నేను. పెట్టె ఒక్కటే మిగిలి చాసిస్ ఎప్పుడో పోయినవాటిలో, ట్రాన్స్‌ఫార్మర్ కాలి తుప్పు పట్టి ఎందుకూ పనికిరానివాటిలో కొత్త బోర్డు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మీది అలాంటిది కాదు. అందుకే ఈ సెట్టుకు ఒకే నియమం పెట్టుకోండి: రేపు మీ పిల్లలు కావాలనుకుంటే అరగంటలో పాత రూపానికి వచ్చేయాలి. కొత్త కన్నం వద్దు, తీగ కత్తిరించడం వద్దు, తీసిన ప్రతి భాగాన్నీ కవర్లో వేసి పేరు రాసి పెట్టెలోనే ఉంచండి.

ఇక అసలు విషయం. ఈ జవాబు చదివేలోపే మీరు దాన్ని ప్లగ్గులో పెట్టి చూసి ఉండకపోతే చాలు. "ఒకసారి పెట్టి చూద్దాం" అన్న సరదా చాలా రేడియోల ప్రాణం తీసింది. ఇరవై ఏళ్లు ఊరికే ఉన్న సెట్టులో వాల్వులు పాడవవు, కండెన్సర్లు పాడవుతాయి. కాగితం చుట్టి మైనమో తారో పూసిన పాత కండెన్సర్లు తేమ పీల్చి లీకు అవుతాయి. వాటిలో ఒకటి మరీ ప్రమాదకరం. ఈసీఎల్82లో సగం ధ్వనిని కొంచెం పెంచుతుంది, మిగతా సగం స్పీకర్‌ని నడుపుతుంది. ఈ రెండు సగాల మధ్య 0.01 లేదా 0.022 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఒకటి ఉంటుంది. అది లీకైతే రెండో సగం గ్రిడ్‌కి, అంటే కరెంటును అదుపు చేసే జాలీకి, ప్లస్ వోల్టేజి చేరుతుంది, వాల్వు అడ్డూ అదుపూ లేకుండా కరెంటు లాగుతుంది, లోపలి ప్లేటు ఎర్రబడుతుంది. అది చూస్తూ కూర్చుంటే వాల్వుతో పాటు, దానికీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. వాల్వు మళ్లీ దొరకొచ్చు, మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకప్పుడు తయారుచేసినవి ఇంకా అక్కడక్కడా అమ్ముతున్నారు. అదే కొలత ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం.

అందుకని ఆ ఒక్క కండెన్సర్‌ని కళ్లు మూసుకుని మార్చేయండి. 630 వోల్టుల పాలియెస్టర్ కండెన్సర్ పది ఇరవై రూపాయల వస్తువు. తర్వాత మిగతా కాగితం కండెన్సర్లు. ఆ తర్వాత ఫిల్టర్ కండెన్సర్, అంటే చాసిస్ మీద నిలబడి ఉండే అల్యూమినియం డబ్బా. దాన్ని పీకొద్దు. దాని తీగలు మాత్రం విడదీసి, చాసిస్ కింద 47 మైక్రోఫారడ్లు 450 వోల్టులవి రెండు విడిగా పెట్టండి. పైనుంచి చూస్తే డబ్బా యథాస్థానంలో ఉంటుంది. ఎక్కువ పెడితే హమ్, అంటే స్పీకర్‌లో గుయ్యిమనే మోత, ఇంకా తగ్గుతుందని 220 మైక్రోఫారడ్లు పెట్టేవాళ్లున్నారు. ఏసీని డీసీగా మార్చే వాల్వు ఈజెడ్80. దాని తర్వాత వచ్చే మొదటి కండెన్సర్ 50 దాటితే ఆ వాల్వు ఓర్చుకోదు.

అలాగే ఎవరైనా "ఈజెడ్80 తీసేసి 1ఎన్4007 డయోడ్లు వేసెయ్యి, వేడి తగ్గుతుంది" అంటే వినకండి. డయోడ్లో వోల్టేజి పెద్దగా తగ్గదు కాబట్టి హెచ్‌టీ, అంటే వాల్వులకు అందే పెద్ద డీసీ వోల్టేజి, ఇరవై ముప్పై వోల్టులు పెరుగుతుంది. పైగా ఈజెడ్80 తను వేడెక్కుతూ మెల్లగా వోల్టేజి ఇస్తుంది. డయోడ్ అయితే మిగతా వాల్వులు చల్లగా ఉండగానే పూర్తి వోల్టేజి నెత్తిన పడేస్తుంది.

ఆర్డుయినో అనుభవం ఉందన్నారు. మంచిదే, సోల్డరింగ్ చేయి కుదిరి ఉంటుంది. కానీ 5 వోల్టులకు అలవాటు పడిన చేతులు ఇక్కడ 250 వోల్టుల డీసీ దగ్గరికి వెళ్తున్నాయి. స్విచ్ ఆపినా, ప్లగ్గు పీకినా ఫిల్టర్ కండెన్సర్‌లో ఆ కరెంటు నిలవ ఉంటుంది. పందొమ్మిదేళ్లప్పుడు నాకు అది తెలియదు. ప్లగ్గు పీకాను కదా అన్న ధైర్యంతో చేయి పెట్టాను. నా మోచేయి వెళ్లి గోడకు కొట్టుకుంది. పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తీసుకుని, రెండు కొసలకూ ఇన్సులేషన్ ఉన్న తీగలు అతికి, ముట్టుకునే ముందు ప్రతిసారీ ఆ కండెన్సర్ రెండు చివరలకూ ఆనించండి. తర్వాత మీటర్‌తో సున్నా అని చూసుకున్నాకే చేయి పెట్టండి. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక చేయి జేబులో ఉండాలి. ఇంట్లో ఇంకొకరు ఉండాలి. ఇవి చాదస్తంగా అనిపిస్తే కండెన్సర్ల పని వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి, బ్లూటూత్ పని మీరు చేసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మీ వాల్వుల పేర్లన్నీ "ఈ"తో మొదలవుతున్నాయి. అది మీ అదృష్టం. ఈ అంటే ఫిలమెంట్ (వాల్వుని వేడిచేసే తీగ) 6.3 వోల్టులది, అంటే సెట్టులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందని అర్థం. యూసీహెచ్81, యూసీఎల్82 అని యూతో మొదలైతే అవి ఏసీ-డీసీ సెట్లు. వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, చాసిస్ నేరుగా కరెంటు తీగకే తగులుకుని ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం షాక్ కొడుతుంది. అలాంటి సెట్టుకి, మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బయటి తీగ ఏదీ తగిలించకూడదు. ఈ జవాబు చూసి తమ ఇంట్లో రేడియో దించే మిగతా పాఠకులు ముందు ఆ అట్ట మీది మొదటి అక్షరం చూసుకోవాలి.

కండెన్సర్లు మార్చాక కూడా నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ఊళ్లో ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా సీరీస్ బోర్డు ఉంటుంది, అందులో కరెంటు ఒక బల్బు గుండా పోయాకే సెట్టుకి అందుతుంది. అందులో 100 వాట్ల పాతకాలం బల్బు పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. రేడియో ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారితే మంచి శకునం. అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపేయండి. స్పీకర్ తీగలు ఊడి ఉన్నప్పుడు మాత్రం ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అది మంచిది కాదు. వెనక వోల్టేజి మార్చే చక్రం ఉంటే దాన్ని ఉన్నవాటిలో పై స్థానంలో, 245 ఉంటే అక్కడ పెట్టండి. అంతా సవ్యంగా ఉందనిపించాక ఈసీఎల్82 మూడో కాలుకీ (ఇందాక చెప్పిన గ్రిడ్ అదే) చాసిస్‌కీ మధ్య వోల్టేజి కొలవండి. సున్నా గానీ కాస్త మైనస్ గానీ చూపాలి. ప్లస్ వస్తే పని ఇంకా మిగిలే ఉంది.

ఇక బ్లూటూత్. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే రెండు రకాల బోర్డులు చూపిస్తారు. ఆంప్లిఫయర్ కూడా అందులోనే ఉన్నది ఒకటి, ఉత్త రిసీవర్ ఒకటి. మీకు కావాల్సింది ఉత్త రిసీవర్. ఆంప్లిఫయర్ ఉన్న చాలా బోర్డుల్లో స్పీకర్ మైనస్ అనేది గ్రౌండు కాదు, దాంట్లో కూడా ధ్వని ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి రేడియో చాసిస్‌కి కలిపితే బోర్డు పోతుంది. ఇంకో మాట, ఆన్ చేయగానే ఒక అమ్మాయి పెద్ద గొంతుతో ఇంగ్లిషులో పలకరించే బోర్డులున్నాయి. అవి మాత్రం కొనకండి. మీ నాన్నగారు జన్మలో మిమ్మల్ని క్షమించరు.

మీ రేడియోకి స్పీకర్ ఒక్కటే. ఫోను నుంచి వచ్చేది స్టీరియో. కుడి ఎడమలను నేరుగా ముడేస్తే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒక్కోదానికి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఆ కొసలు కలిపి పికప్ సాకెట్‌కి ఇవ్వండి. తీగ షీల్డ్ ఉన్నదై ఉండాలి, లేకపోతే పాటకంటే హమ్ ఎక్కువ వినిపిస్తుంది.

బోర్డుకి 5 వోల్టులు ఎక్కణ్ణుంచి తేవాలి అన్నదగ్గర చాలామంది దెబ్బతింటారు. లోపల 6.3 వోల్టుల ఫిలమెంట్ వైండింగ్ ఉంది కదా, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జి రెక్టిఫయర్ ఒకటి పెడితే సరి అనిపిస్తుంది. చాలా సెట్లలో ఆ వైండింగ్ ఒక కొస చాసిస్‌కి కలిసి ఉంటుంది. బ్రిడ్జి మైనస్ కూడా బ్లూటూత్ బోర్డు గ్రౌండు మీదుగా అదే చాసిస్‌కి చేరుతుంది. అప్పుడు ప్రతి రెండో సగం సైకిల్లో వైండింగ్ ఒక్క డయోడ్ గుండా షార్టవుతుంది. డయోడ్ కాలుతుంది, మీ దురదృష్టం బాగుంటే ట్రాన్స్‌ఫార్మరూ కాలుతుంది. బ్రిడ్జి బదులు ఒకే ఒక్క డయోడ్, 2200 మైక్రోఫారడ్ల కండెన్సర్, వోల్టేజిని 5 దగ్గర నిలిపే 7805 రెగ్యులేటర్ పెడితే ఈ గొడవ ఉండదు. వోల్టేజి సరిపోతుంది, రేడియో నాబ్‌తోనే బ్లూటూత్ కూడా వెలుగుతుంది, ఆరుతుంది. ఇవేవీ వద్దనుకుంటే వెనక అట్ట సందులోంచి యూఎస్‌బీ తీగ బయటకు తీసి మొబైల్ చార్జర్‌కి పెట్టండి. మొదటి నెల అలాగే నడపమని నా సలహా. కాకపోతే చార్జర్ చేసే రొద మీడియం వేవ్ మీద బాగా తెలుస్తుంది, రేడియో వినేటప్పుడు దాన్ని పీకేయాలి.

బోర్డుని చాసిస్ మీద పెట్టొద్దు. వేడి ఒకటి, చుట్టూ ఇనుము ఉంటే సిగ్నల్ అందకపోవడం ఒకటి. పెట్టె లోపలి చెక్క గోడకి, వాల్వులకు దూరంగా, కింది వైపు వెల్క్రో పట్టీతో అంటించండి. చెక్క బ్లూటూత్‌ని ఆపదు.

ఎంత బాగా మోగుతుందంటే, ఘంటసాల, సుశీల గొంతులు వినడానికి దీన్ని మించింది లేదనిపిస్తుంది. ఆ పాటలు రికార్డు చేసినప్పుడు వినేవాళ్ల దగ్గర ఉన్నవి ఇలాంటి స్పీకర్లే కదా. ఇప్పటి సినిమా పాట పెడితే మాత్రం కింది బేస్ అంతా మాయమై, పాట సన్నబడిపోయినట్టు ఉంటుంది. దాదాపు మూడు వాట్లు, కాగితం కోను, ఒక్క స్పీకర్. వాల్యూమ్ పెంచితే బేస్ రాదు, గరగర వస్తుంది. పార్టీలకు వేరే స్పీకర్ కొనుక్కోండి.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. ఇది నాన్నగారికి తెలియకుండా చేయొద్దు. ఆయన దానిలో వినాలనుకునేది పాటలో, వార్తలో, వెనకటి సాయంత్రాలో మీరు ఊహించి చేస్తున్నారు. నాకు తెలిసి తెనాలిలో ఆ తరం మనిషికి రేడియో అంటే విజయవాడ కేంద్రం. 1948 డిసెంబరు 1న మొదలైంది. 358.4 మీటర్లు, 837 కిలోహెర్ట్జ్ అన్న అంకెలు ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. డయల్ మీద ఆ చోట తాతగారు పెట్టిన గీత ఏదైనా ఉందేమో చూడండి. సెట్టుతో పాటు పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం కూడా దొరికితే, ఎప్పుడు కొన్నదీ అందులో తెలుస్తుంది. అప్పట్లో రేడియో పెట్టుకోవాలంటే ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలి మరి.

ఆ నాబ్ తిప్పి స్టేషన్ పట్టుకోవడమే ఆయనకు ముఖ్యమైతే, ఉత్త బ్లూటూత్ ఇచ్చి లాభం లేదు. చాసిస్ ఉంచేశారు కాబట్టి ఆ అవకాశమూ మీ చేతిలోనే ఉంటుంది. వెనక ఏరియల్ అని ఉన్నచోట గది ఆ మూల నుంచి ఈ మూలకి తీగ కట్టండి. మునుపు రాగి జాలీ పట్టీ ఒకటి గోడకి కట్టేవాళ్లు, అటక మీద వెతికితే అదీ దొరకొచ్చు. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్ చేసే బరబర మీద స్టేషన్ వినపడుతుందా లేదా అన్నది రాత్రిపూట అవన్నీ ఆపి చూస్తేనే తెలుస్తుంది. వినపడకపోతే ఫోన్‌లో ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టి, విజయవాడ కేంద్రం తెరిచి, బ్లూటూత్ మీదుగా ఇదే రేడియోకి పంపండి. ఇంటర్నెట్ మీద వచ్చేది కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. దాన్ని విని గడియారం సరిచేసుకునే అలవాటు ఆయనకుంటే ముందే చెప్పండి.

కాబట్టి పుట్టినరోజుకి సిద్ధం చేసి ఇచ్చేకంటే, ఒక శనివారం తెనాలి వెళ్లి ఆయన్ని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి. నాబు ఏది ఎటు తిప్పాలో, డయల్ దారం తెగితే తాతగారు ఎలా చుట్టేవారో ఆయనకే తెలుస్తుంది. పని చేసేటప్పుడు ఇంట్లో ఇంకొకరు ఉండాలని ఎలాగూ చెప్పాను.

డయల్ అద్దాన్ని మాత్రం స్పిరిట్‌తో, కొలిన్‌తో తుడవకండి. స్టేషన్ల పేర్లు అద్దం లోపలి వైపు అచ్చువేసి ఉంటాయి, ఒక్క తుడుపుకి గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి. పొడి బ్రష్ చాలు. వెనక అట్ట తీసిన రోజే దానికి ఫొటో తీసుకోండి, పని అయ్యాక మళ్లీ బిగించండి, పిల్లల వేళ్లు లోపలికి పోకుండా ఉన్న అడ్డు అదొక్కటే. మూడో కాలు దగ్గర మీటర్ ఎంత చూపిందో నాకు రాయండి. ప్లస్ వస్తే, ఇంకే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోవాలో అప్పుడు చెప్తాను.